డెబ్బై గ్రాములు

ఇప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ తూకం కంచాలే. తినేవన్నీ ప్యాకెట్లలోనే వస్తాయి. ఒక పూటకు ఎన్ని గ్రాములో ప్యాకెట్ చూసి, కంచం మీద ఆ అంకె నొక్కాలి. అంతకు మించి వడ్డిస్తే కంచం ఎర్రగా వెలిగి, ఆ సంగతి ఆస్పత్రికి చేరవేస్తుంది.

నానమ్మకు షుగర్ వచ్చాక, ఇంట్లో చదువుకున్నది నేనే కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. జొన్నరవ్వ ప్యాకెట్ మీద డెబ్బై అని ఉంది. ఉప్మా వండి, సరిగ్గా డెబ్బై గ్రాములు పెట్టేదాన్ని.

"ఇంగో గంటెడు ఏయ్ బిడ్డా. మా అత్త గూడ ఇంత పిసినారి కాదే," అని నవ్వేది నానమ్మ.

"ఎర్రగైతది నానమ్మా," అనేదాన్ని. కంచం ఒక్కసారి కూడా ఎర్రబడలేదని నాకు గర్వంగా ఉండేది.

మూడు నెలల్లో ఆమె గాజులు మోచేతి దాకా జారాయి. ఈ రోజు నర్సు సువర్ణక్క వచ్చి ప్యాకెట్ తిప్పి చూసింది.

"డెబ్బై అంటే వండకముందు రవ్వ తూకం. ఉడికినంక మూడింతలైతది. ఎవరు తూచిన్రు?"

నేను ప్యాకెట్ అందుకుని ఆ అక్షరాలు మళ్లీ చదివాను.

"పిల్ల మంచిగనే పెట్టింది. నేనే సగం కుక్కకేసిన," అంది నానమ్మ.

సువర్ణక్క ఆమెను బాగా తిట్టి వెళ్లింది. నేను అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను. కంచం మీద రెండు వందల పది నొక్కి, అన్ని గ్రాముల ఉప్మా పెట్టి నానమ్మ ముందుంచాను. ఆమె నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఇగ పడతలేదు బిడ్డా," అంది మెల్లగా.