సుద్ద కొండ మీద పిలుపు

"ఏమండీ!"

జవాబు లేదు. జ్ఞానప్రసూన ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. ఇప్పటిదాకా ఆమె మొగుడు వీరభద్రరావు ముందు నడుస్తూ, ఈ సుద్ద కొండలన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని క్లాసు పీకుతూనే ఉన్నాడు. ఇంతలో పిల్లి సైజు నక్క ఒకటి కనబడింది. "నువ్విక్కడే ఉండు, ఫోటో తీసుకొచ్చేస్తా" అంటూ కెమెరా పట్టుకుని దారి దిగి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, ఇటు పొగమంచు కమ్మేసింది. ఇన్నేళ్ళుగా అమెరికాలో, ఈ కాన్సస్‌లో ఉంటున్నా ఇంత పొగమంచు ఆమె ఎప్పుడూ చూడలేదు. అసలే తెల్లటి కొండ, తెల్లటి దారి. ఇప్పుడు ఏది నేలో, ఏది గాలో తెలియడం లేదు.

"ఏమండీ! ఎక్కడున్నారండీ?"

ఎదురుగాలి కొడుతోంది. అరిచిన అరుపు ఆమె మొహం మీదికే తిరిగొస్తోంది. ఫోన్ చేద్దామా అంటే మహానుభావుడి ఫోన్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. జేబు బరువని ఆయనే ఇచ్చాడు. ఇడ్లీ డబ్బా కూడా ఆమె దగ్గరే ఉంది. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, కొండెక్కాక వ్యూ చూస్తూ తిందామన్నాడు. షుగర్ పడిపోతే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. పైగా ఈ మంచులో దారి పక్కనే ఎక్కడో కొండ నిలువునా తెగిపోయి ఉంది. ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చి ఆమె తన ఫోన్ బయటికి తీసింది.

అదృష్టం, ఆమె ఫోన్‌కి కాస్త సిగ్నల్ ఉంది. ఎమర్జెన్సీ నంబర్ నైన్ వన్ వన్ నొక్కింది. ఒక అమ్మాయి పలికింది. జ్ఞానప్రసూన వచ్చే ఏడుపును దిగమింగుకుంటూ ఇంగ్లీషులో సంగతంతా చెప్పింది.

"మేడమ్, మీ లొకేషన్ నాకు కనబడుతోంది. రెస్క్యూ వాళ్ళు బయల్దేరారు. మీరు మాత్రం అడుగు కదపొద్దు. అంచు ఎక్కడుందో మీకు తెలియదు. అక్కడే నిలబడి గట్టిగా పిలుస్తూ ఉండండి."

"ఏమండీ!"

"మిస్టర్ ఏమండీ వయసెంత?"

ఇంకెప్పుడైనా అయితే జ్ఞానప్రసూన పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. "అది ఆయన పేరు కాదమ్మా. ఊరికే... పిలుపు."

"మరి పేరు?"

ఆమె వీ, ఈ, ఈ అంటూ అక్షరాలు ఒక్కొక్కటే చెప్పింది. బ్యాంకులో, ఆస్పత్రిలో, ఇన్నేళ్ళూ అలా స్పెల్లింగ్‌తోనే నెట్టుకొచ్చింది.

"మేడమ్, షుగర్ పడిపోయిన మనిషికి అంతా అయోమయంగా ఉంటుంది. మీరు ఇంకెవరినో పిలుస్తున్నారు అనుకోవచ్చు. పేరు పెట్టి పిలవండి. ఎవరికైనా తన పేరు వినబడితే తెలివి వస్తుంది."

"పేరు పెట్టా?"

"ఏం, ఏమైనా ప్రాబ్లమా?"

ఈ పిల్లకు ఏం చెబుతుంది? మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళిపీటల మీద నాయనమ్మ చెవిలో వేసిన మాట. రెండు డిగ్రీలు చదివింది, ఆఫీసులో పెద్ద టీమ్‌నే పరుగులు పెట్టిస్తుంది. కానీ ఆ ఒక్క విషయంలో ఆమె ఇప్పటికీ ఆ నాయనమ్మ మనవరాలే. నమ్మకం అనండి, భయం అనండి, నోరు మాత్రం పెగల్లేదు.

అప్పుడే మంచులో ఎక్కడో ఒక రాయి జారింది. అది దొర్లుకుంటూ, దొర్లుకుంటూ ఎంతో కిందికి పోయిన చప్పుడు వినిపించింది.

"దేవుడా, తగ్గిస్తే నా ఆయుష్షు తగ్గించు" అనుకుని జ్ఞానప్రసూన గట్టిగా కళ్ళు మూసుకుంది.

"వీర... వీరభద్రరావూ!"

అప్పటికి గాలి ఆగిపోయింది. ఈసారి కేక కొండంతా వినబడింది. బదులు మాత్రం రాలేదు.

"వీరభద్రరావూ! రా! ఇటు రా!"

కంగారులో 'అండీ' కూడా ఎగిరిపోయింది. ఎక్కడో దగ్గర్లోనే కంకర మీద అడుగుల చప్పుడు వినిపించి, ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. పడిపోయాడా? ఆమె గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది.

"మేడమ్, ఆయన పలికారా?" అడిగింది ఫోన్‌లో అమ్మాయి.

"లేదమ్మా, పలకలేదు." జ్ఞానప్రసూన సుద్ద మట్టిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పలకకూడని పేరు పలికి తన నోటితో తానే ఆయన్ని చంపుకున్నానని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది.

కాసేపటికి ఎండ పొడ తగిలి మంచు పలచబడసాగింది. ముందు దారి కనబడింది. తర్వాత పక్కనే ఒక పెద్ద సుద్ద బండ. దాని వెనకాల ఆయన టోపీ!

ఆమె ఫోన్ పారేసి పరుగెత్తింది. వీరభద్రరావు బండకు ఆనుకుని ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. కెమెరా గుండెలకు హత్తుకుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, హనుమంతుణ్ణి తలుచుకుంటూ గజగజా వణుకుతున్నాడు.

"ఏమండీ!" అంటూ భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఇక్కడే ఉండి కూడా పలకరేం? నా ప్రాణం పోయింది కదండీ!"

వీరభద్రరావు కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి, పక్కకు లాక్కుని, చప్పున ఆమె నోరు మూశాడు.

"ష్! అరవకు ప్రసూనా! ఇందాకట్నుంచీ ఈ కొండ మీద ఏదో దెయ్యం, అచ్చం నీ గొంతుతో నన్ను పేరు పెట్టి పిలుస్తోంది!"