ఐదో గుడ్డు

గడ్డివాములో గుడ్లు పెడుతున్న కోడిపెట్ట ముంగిసను కాపలాకి కుదుర్చుకుంది. "ఐదు గుడ్లూ పెట్టాకే నీ కాపలా మొదలు తమ్ముడూ. అప్పటిదాకా నీకు పురుగులేరి పెట్టడం నా వల్ల కాదు," అంది. ముంగిస సరేనంది.

నాలుగు గుడ్లయ్యాయి. ఐదో రోజు పొద్దున్నే గడ్డిలో పాము బుస వినిపించింది. పెట్ట హడలిపోయి వాము మీదికెగిరింది.

"తమ్ముడూ, పాము! తొందరగా లే!"

"ఐదోది పెట్టావా అక్కా?"

"వస్తోంది, ఇదిగో వచ్చేస్తోంది!"

"రానీ. నువ్వు పెట్టిన షరతే కదా."

పెట్ట కళ్లు మూసుకుని ముక్కింది. కింద పాము ఒకటి మింగింది, రెండోది మింగింది. నాలుగూ మింగి మెల్లగా జారుకుంది.

అప్పుడు పడింది ఐదోది.

ముంగిస ఒళ్లు విరుచుకుని వచ్చి, ఆ ఒక్క గుడ్డు పక్కన బుద్ధిగా కూర్చుంది.

"కాపలా మొదలక్కా. నా పురుగులేవీ?"