పాత మేకు

వడ్రంగికి మతి చెడిందని పక్కింటావిడ మేడమీదావిడతో అన్నదట. మేడమీదావిడ పాలతనితో అన్నదట. పాలతను కడుపులో మాట దాచుకునే రకం కాదు. తిన్నగా వచ్చి వడ్రంగి అక్క చెవిలోనే వేశాడు.

"తలుపేసుకుని ఫోనుకి పాఠాలు చెప్తున్నాడంటమ్మా. ఆఖర్న దండం పెట్టి అడుక్కుంటున్నాడంట కూడాను."

అక్క పాలగిన్నె అందుకుంది. "పాలల్లో నీళ్ళు కలిపినంత తేలిక కాదులే నాయనా ఆ పని," అంది.

తమ్ముడిది నిజంగా గొప్ప పనే. మేకు కొట్టకుండా, జిగురు రాయకుండా చెక్కలో చెక్కను దిగవేస్తాడు. ఏనుగెక్కి కూర్చున్నా ఆ అతుకు ఊడదు. కానీ జనం రెడీమేడ్ బల్లలకు మరిగాక వాడి ఉలికి తుప్పు పట్టింది. అందుకని ఆ విద్యనే వీడియోలు తీసి పెడుతున్నాడు. ప్రతి వీడియో చివరా చేతికంటిన పొట్టు దులుపుకుని, నేలచూపులు చూస్తూ, "మీకు తోచింది నెలనెలా పంపితే ఈ పని బతుకుతుంది," అంటాడు.

ఏడాదిగా ఆ మాట విని పంపుతున్నది ఒక్కరే. 'పాత మేకు' అనే పేరుతో. ఆ పాత మేకు సొంత అక్కేనని తమ్ముడికి తెలియదు. చేతికిస్తే పుచ్చుకోడు. వాడికి ఆకలికంటే రోషం ఎక్కువ.

అక్క ఉద్యోగం సంగతీ వాడికి తెలియదు. ఎక్కడో లెక్కలు రాసే పనని ఇంట్లో చెప్పుకుంది. నిజానికి టైర్ల కొట్టు పైన ఒక గది. పన్నెండుమంది ఆడవాళ్ళు, తలా నలభై దొంగపేర్లు. ఆ గదివాళ్ళకు డబ్బు కట్టినవాళ్ళ వీడియోల కింద "నేను పంపాను, మీరూ పంపండి" అని పొద్దస్తమానం రాయడమే పని. 'ఖాళీ కొట్లోకి ఎవడూ రాడు, గుంపున్న చోటికే గుంపు' అన్నది అక్కడి సారు మంత్రం. అక్క ఆ మంత్రాన్ని తన సొంత తెలివిలా తమ్ముడి దగ్గర రెండు మూడుసార్లు వల్లించింది కూడా.

ఆదివారం తమ్ముడింటికి వెళ్ళేసరికి మరదలు ముఖం మాడ్చుకుని ఉంది.

"రెడీమేడ్ కొట్లో మరమేకులు బిగించే పని ఉందంట వదినా. రేపు పొద్దున్న ఔననకపోతే ఇంకొకడికిచ్చేస్తారు. ఈయనేమో తేల్చడు. అద్దె బాకీకి ఇంటివాళ్ళు సామాను వీధిలో పెడతామంటున్నారు. నువ్వే చెప్పు."

తమ్ముడు ఫోను అక్క చేతిలో పెట్టాడు. మూడు నెలలుగా వాడి వీడియోల కింద జనం పోగవుతున్నారు. ఒకరా, ఇద్దరా! వందలమంది.

"వీళ్ళు నిజంగా ఉన్నారనిపిస్తోందా అక్కా? చదివితే ఏమనిపిస్తోంది?" అన్నాడు. వాడి చూపు మాత్రం నేల మీదే ఉంది.

అక్క ఒక్కొక్కటే చదివింది. దొంగ రాతను పట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. తన గదిలోవాళ్ళు అక్షరం తప్పు పోనివ్వరు. ప్రశ్న అడగరు. ఎవర్నీ తిట్టరు. ఇక్కడ ఒకడు 'ధన్యవాదాలు'లో రెండు తప్పులు రాశాడు. ఒకామె వానకు తలుపు ఉబ్బితే ఏం చెయ్యాలని అడిగింది. ఇంకొకడు, "గొంతు పెంచు బాబూ, దోమలా వినపడుతున్నావ్" అని కసిరాడు.

ఆ తిట్టు చూశాక అక్క ప్రాణం లేచొచ్చింది.

"నిజం మనుషులేరా! నా మీద ఒట్టు."

"మరి మనుషులొచ్చారు, డబ్బులేవీ?" అంది మరదలు.

"ముందు మాటొస్తుంది, వెనక డబ్బొస్తుంది. ఇంతమందిని వదులుకుని ఆ కొట్లో మరమేకులు బిగిస్తాడా?"

తమ్ముడు మొదటిసారి తలెత్తాడు. "నీకే అలా అనిపించిందంటే ఇంక అందరికీ అనిపిస్తుంది," అన్నాడు. "పాత మేకు మాత్రం మానెయ్యడు కదా అక్కా?" అని అడిగాడు.

అక్క నవ్వాపుకుంది. "మానడులే."

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఆ కొట్టుకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. పది నిమిషాల్లో ఆ పని ఇంకొకడికి వెళ్ళిపోయింది. మరదలు సామాను కట్టడానికి పాత దుప్పట్లు బయటికి తీసింది.

ఆ రోజే సారు అక్కను వెనక గదికి మార్చాడు. ఎప్పుడూ తలుపేసి ఉండే గది. లోపల ఎనిమిదిమంది కొత్తమ్మాయిలు వంచిన తల ఎత్తకుండా రాస్తున్నారు.

"నీట్‌గా రాస్తే జనం నమ్మట్లేదమ్మా. మూడు నెల్లనుంచీ ఇక్కడ కొత్త పద్ధతి. తప్పులు రాయాలి, ప్రశ్నలడగాలి, మధ్యమధ్య తిట్టాలి," అంటూ ఒక కాగితం ఇచ్చాడు.

కాగితంలో మొదటి పేరు తమ్ముడి ఛానల్‌ది.

అక్క ఆ పేరు మీద వేలు పెట్టింది. "సార్, ఈ వడ్రంగి... తినడానికే లేనివాడు. మనకెక్కణ్ణుంచి తెచ్చి కడతాడు?"

"పాత మేకని ఎవడో పిచ్చోడు నెలనెలా పంపుతాట్ట, అది వచ్చింది వచ్చినట్టు ఈ వడ్రంగి మనకే కట్టేస్తున్నాడు, ఆ ఛానల్లో నిజం మనిషి వాడొక్కడేనంట," అన్నాడు సారు.