ఫెర్న్ నాటిన రోజు

మరిది వచ్చేసరికి ఆమె పెరటి సందులో గొంతుక్కూర్చుని మట్టి తవ్వుతోంది.

ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల చోటు అది. ఏ పూటా ఎండ పడదు. గోడంతా నాచు. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్క మొక్కా బతికి బట్టకట్టలేదు.

"ఏంటి వదినా అది?"

"ఫెర్న్. అడవి రకం. ఇలాంటి నీడే కావాలట దానికి."

"ఎక్కడిది?"

"కొండమీది బడికి యూనిఫారం కొలతలు తీసుకోడానికి వెళ్ళానుగా మొన్న. అక్కడ బస్టాండు పక్కన నర్సరీలో కొన్నాను."

ఆమె బట్టలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టరు. ఐదు గంటల బస్సు ప్రయాణంలో మొక్కను ఒళ్ళోంచి దించలేదు.

మరిది చేతిలో ఎప్పటి ఫైలే ఉంది. ఎనిమిదేళ్ళ కిందట అతని అన్న సర్వే పనిమీద అడవికి వెళ్ళాడు. వాగు పొంగింది. సంచి దొరికింది. మనిషి దొరకలేదు. చనిపోయినట్టు ప్రకటించమని కోర్టుకు పెట్టే దరఖాస్తు ఆ ఫైల్లో ఉంది. భార్య సంతకం ఒక్కటే తక్కువ.

అడిగిన ప్రతిసారీ ఆమెది ఒకటే మాట. "శవాన్ని చూపించు, పెడతాను."

"ఈసారి కాదనకు వదినా. నా కోసం కాదు, అమ్మ కోసం. ఎనిమిదేళ్ళుగా వీధి తలుపు గడియ వెయ్యనివ్వడం లేదు. ఆకు కదిలినా లేచి కూర్చుంటోంది. కంటినిండా నిద్ర ఎరగదు."

ఆమె మొక్కకు చుట్టిన తడిగుడ్డ విప్పింది.

"లోతుగా పాతకూడదట. దుంప పైపైనే ఉండాలట."

"నేను చెప్పేది వింటున్నావా?"

"ఎండాకాలం వస్తే వాడిపోతుందట. చచ్చిపోయిందనుకుని పీకేస్తారట చాలామంది. పీకకండి, దాని మానాన దాన్ని వదిలెయ్యండి అని ఆ నర్సరీ మనిషి ఒకటికి రెండుసార్లు చెప్పాడు."

"వదినా! గోడకు చెప్పుకున్నట్టుంది నా పని."

"ఆ ఫైలు ఇటు తే. సంతకం ఎక్కడ పెట్టాలి?"

అతను గబగబా ఫైలు విప్పాడు.

ఆమె బకెట్లో చేతులు కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుంది. అతను చూపించిన మూడు చోట్లా సంతకం పెట్టింది. బట్టమీద సుద్దగీత గీసినంత తేలిగ్గా. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు.

"ఉన్నట్టుండి ఎలా ఒప్పుకున్నావు?" అన్నాడతను మెల్లగా.

"మీ అన్నయ్య ఇక రారు."

ఆ మాట లోపల మంచంమీదున్న అత్తగారికి వినపడింది. ఆవిడ గొల్లుమనలేదు. మంచం దిగింది. తర్వాత గోడ పట్టుకుని వీధి తలుపు దాకా నడిచింది. తుప్పుపట్టిన గడియ ఒకపట్టాన కదల్లేదు. చిన్నకొడుకు సాయం రాబోతే వద్దంది. తనే రెండు చేతులా నెట్టి వేసింది.

మధ్యాహ్నం మూడింటికి ఆవిడ గురక పెరట్లోకి వినిపించింది.

కోడలు అప్పటికి మళ్ళీ సందులోకి వచ్చేసింది. మొక్క నిలబెట్టి, చుట్టూ ఎండాకులు కప్పి, చేత్తోనే నీళ్ళు చిలకరిస్తోంది. వేళ్ళకు చల్లదనం కూడా తెలియడం లేదు.

మరిది వెళ్ళబోతూ ఆమెను నవ్విద్దామనుకున్నాడు.

"ఆ నర్సరీవాడెవడో గట్టివాడే వదినా. నీచేత ఈ సందులో కూడా మొక్క నాటించాడంటే మాటలా!"

"గట్టివాడే," అంది ఆమె తల తిప్పకుండా.

'నాన్నా' అంటూ కాళ్ళకు చుట్టుకున్న పిల్లను ఒక చేత్తో పొదువుకుని, ఒక్కసారీ తలెత్తకుండా, రెండో చేత్తో ఆ ఫెర్న్‌ను ఆమెకు అందించిన మనిషి ఆమె భర్త.