పడని గింజ

“నాకు వేరుశెనగ పడదు నాన్నా” అంది అమ్మాయి.

గింజలాయన చేతిలో గరిట బాణలిలోనే ఆగిపోయింది. వేడి ఇసుకలో వేరుశెనగలు చిటపటమన్నాయి.

ఆ వీధిలో ఆయన్ని అందరూ గింజలాయన అనే పిలుస్తారు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ ఇంట్లో దుప్పటి దులిపినా వేరుశెనగ పొట్టే రాలుతుంది. తన కూతురికి పళ్లు వచ్చిందే గింజలు నమలడానికని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడా కూతురే ఈ మాట అంటోంది.

“ఎప్పట్నుంచి?”

“ఈమధ్యే.”

“దురదా? దద్దుర్లా?”

“అవి వచ్చేదాకా ఆగుతామా? గొంతు వాచిందంటే ఊపిరాడదు నాన్నా.”

గుమ్మంలో నిలబడ్డ భార్య అందుకుంది. “ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో చేరింది మొదలు దీని వరసే అర్థం కావట్లేదు. ఇంటికొచ్చాక స్నానం చేసేవాళ్లని చూశాను గానీ, పనికి వెళ్లబోతూ రెండోసారి తలస్నానం చేసేదాన్ని దీన్నే చూశా. ఉతికిన బట్టలు సంచిలో పెట్టుకెళ్లి అక్కడ మార్చుకుంటుందట కూడాను.”

“గింజ పడదన్నవాణ్ణి నేను మనిషి కిందే లెక్కెయ్యను. నీకు తెలుసుగా తల్లీ?” అన్నాడు గింజలాయన నవ్వులాటకి.

అమ్మాయి నవ్వలేదు. “తెలుసు నాన్నా” అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఆయన పొయ్యి ఆర్పేశాడు.

మర్నాడు కొట్టు కట్టేసి, కూతురి వెంట ఆస్పత్రికి తనే వెళ్లాడు. డాక్టరు దగ్గరికి ఉత్తి చేతులతో వెళితే బాగుండదని, వేడివేడి గింజల పొట్లం ఒకటి జేబులో పడేసుకున్నాడు.

డాక్టరు కుర్రవాడే. గింజలాయన ఎదురుగా కూర్చున్నాడో లేదో ఒక తుమ్ము తుమ్మాడు. ఆ వెనకే ఇంకొకటి. కళ్లు ఎర్రబడ్డాయి. ‘తన జలుబే తగ్గించుకోలేనివాడు మా పిల్లకేం వైద్యం చేస్తాడు’ అనుకుంటూ గింజలాయన పొట్లం తీసి బల్ల మీద పెట్టబోయాడు.

అమ్మాయి దాన్ని గబుక్కున లాక్కుని బయట పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది. వచ్చీ రావడంతోనే కిటికీలు బార్లా తెరిచింది.

“నువ్వూ సబ్బుతో కడుక్కో నాన్నా.”

ఆయన కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“ఒక్క గింజతో అంత ప్రమాదమా డాక్టరుగారూ?”

“ప్రాణం మీదికే వస్తుందండీ. తినక్కర్లేదు. అమ్మాయిగారి జడకి దాని పొడి అంటుకున్నా చాలు.”

“మందు?”

“దూరంగా ఉండటమే.”

“ఎన్నాళ్లు?”

డాక్టరు ముక్కు తుడుచుకున్నాడు. “జీవితాంతమండీ.”

అమ్మాయి తల దించుకుంది. పిల్ల ఏడుస్తోందనుకుని గింజలాయన గుండె నీరైపోయింది.

ఇంటికొచ్చి బాణలి ముందు కూలబడ్డాడు. ఇంతకాలం కూడు పెట్టిన బాణలి అది. పిల్లని చదివించిందీ అదే.

“పోనీ, దాన్ని ఎక్కడైనా గది తీసుకుని ఉండమందామా?” అంది భార్య.

“పిల్లని బయటికి పంపి గింజల్ని ఇంట్లో పెట్టుకోనా? మతుండే మాట్లాడుతున్నావా?”

బస్తాలు వచ్చినకాడికి అమ్మేశాడు. ఇసుక పారబోశాడు. వంటింట్లోని వేరుశెనగ నూనె డబ్బా గడప దాటింది. గోడలకి కొత్తగా సున్నం పడింది. కొట్లో మొక్కజొన్న పేలాలు మొదలుపెట్టాడు.

అవి ఓ పట్టాన లొంగలేదు. “వేరుశెనగ చెప్పిన మాట వినేది. దీనికి కాస్త వేడి తగిలితే చాలు, ఎగిరి వీధిలో పడుతుంది” అని విసుక్కునేవాడు. పాత బేరగాళ్లు వచ్చి, వాసన చూసి, ఎవరో పోయినట్టు మొహం పెట్టి వెళ్లిపోయేవారు. పొద్దున లేవగానే గుప్పెడు గింజలు నమిలే అలవాటు ఆయనకి. ఇప్పుడు నమలడానికేమీ లేక ఊరికే దవడలు ఆడించేవాడు.

“ఎవరితో మాట్లాడుతున్నారు?” అనేది భార్య.

అమ్మాయి మాత్రం కళకళలాడిపోతోంది.

“చూశావా, ఒంటి మీద ఒక్క దద్దురు లేదు” అని మురిసిపోయాడు గింజలాయన.

“ఇదివరకు మాత్రం ఎప్పుడుంది?” అంది భార్య.

“నీకన్నీ అనుమానాలే” అని కసిరాడు.

ఒకరోజు అమ్మాయి నడుం బిగించి ఇల్లంతా కడిగింది. మంచాల కిందా, అటక మీదా వెతికి, ఎక్కడా పొట్టు కూడా మిగల్లేదని తేల్చుకుంది. అప్పుడు తండ్రి పక్కన చేరింది.

“ఆదివారం డాక్టరుగారిని భోజనానికి పిలవనా నాన్నా?”

“పిలవకేం? నీ ప్రాణం కాపాడిన మనిషి. నేనే ఎదురెళ్లి తీసుకొస్తా.”

అన్నట్టే వీధి మలుపు దాకా వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. భార్య మంచినీళ్లిచ్చింది. కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు. నీళ్లు గటగటా తాగి గ్లాసు కింద పెట్టాడు. అమ్మాయికేసి ఒకసారి చూశాడు.

“మీ అమ్మాయికి పడనిదంటూ ఏదీ లేదండీ, వేరుశెనగ పడనిది నాకు మావయ్యగారూ” అన్నాడు.