బయటి తిండి పడని పిల్ల

మార్చి తొమ్మిది తారాదేవి పుట్టినరోజు. భార్య పోయాక కూడా ఆ రోజు శ్యాంసుందర్ పులిహోర కలుపుకుంటూనే ఉన్నాడు. ఈసారి రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మాయి, వెంటనే రమ్మన్నారు. రిటైరయ్యాక అతను అక్కడ దుబాసీగా ఊరికే సాయం చేస్తున్నాడు. సింగపూర్ శివారు బుకిట్ పంజాంగ్‌లోని ఇంటి నుంచి టాక్సీలో వచ్చాడు.

మంచం మీది సుస్మితకు ఇరవై దాటి ఉంటాయి. పొద్దున విమానం దిగి, లిటిల్ ఇండియాలో లాడ్జి మెట్ల మీద పడిపోయిందట. తలుపు దగ్గర పోలీసు నిలబడి ఉన్నాడు.

డాక్టర్ షిఫాకు తెలుగు రాదు. ఇంగ్లీషులో గబగబా చెప్పింది. "అంకుల్, ఈమె కడుపులో డ్రగ్ పొట్లాలున్నాయి. స్కాన్‌లో కనిపించాయి. ఒకటి పగిలింది. హెరాయిన్ అయితే విరుగుడు ఉంది, కోయక్కర్లేదు. వేరేదైతే విరుగుడే లేదు, ఇప్పుడే పొట్ట తెరవాలి. లక్షణాలు రెండు రకాలుగానూ ఉన్నాయి. గుండె బలహీనంగా కొట్టుకుంటోంది, ఊరికే కోస్తే తట్టుకోలేదు. అందులో ఏముందో అడగండి."

శ్యాంసుందర్ వంగాడు. "ఏం మింగావు తల్లీ? చెప్పు, బతికిస్తారు."

ఆమె పెదవులు కదిలాయి. "నాన్నకి చెప్పకండి అంకుల్..."

ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

ఇంతలో పక్కనున్న ఆమె ఫోను మోగింది. తెర మీద 'నాన్న' అని ఉంది.

"మాట్లాడండి. ఇంట్లోవాళ్ళకు ఏమైనా తెలుసేమో," అంది షిఫా. లేచి, మాటలు పోలీసుకు వినపడకుండా తలుపు మెల్లగా మూసింది.

"ఏమ్మా, ఫోనెత్తవేంటి? గదికి చేరావా?"

"నేను శ్యాంసుందర్‌నండి, సింగపూర్ ఆసుపత్రి నుంచి. మీ అమ్మాయికి కడుపులో నొప్పి వస్తే..."

"అయ్యబాబోయ్! ఏవైనా తిందాండీ? దానికి బయటి తిండి పడదండి. విమానంలో ఏదీ ముట్టుకోవద్దని లక్షసార్లు చెప్పానండి."

"ఏమీ తిన్నట్టు లేదండి."

"విరేచనం గానీ అయ్యిందాండీ?"

"లేదండి."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. ఎంత బెంగ ఈ తండ్రికి, అనుకున్నాడు పిల్లలు లేని శ్యాంసుందర్.

"స్కానింగులూ గట్రా తీయించకండి బాబూ, పెళ్ళి కావలసిన పిల్ల. ఆపరేషనంటే అసలొద్దండి. పొట్ట మీద గాటుంటే సంబంధాలు రావు. గదికి పంపించెయ్యండి, అక్కడ మాకు తెలిసినాయన వచ్చి చూసుకుంటాడు."

షిఫా మానిటర్ వైపు చూపించింది. "అంకుల్, టైము లేదు!"

ఇక దాచి లాభం లేదు. తారాదేవి జబ్బు సంగతి తనకు చెప్పిన డాక్టరు మొదట కుర్చీ చూపించి, ఆ తర్వాతే నోరు విప్పాడు.

"కూర్చుని ఉన్నారాండీ?"

"కూర్చున్నానండి. ఏమైందండీ?"

"మీ అమ్మాయిని ఎవరో మోసం చేశారండి. కడుపులో మత్తుమందు పొట్లాలున్నాయి. ఒకటి పగిలింది. అందులో ఏముందో తెలిస్తేనే పిల్ల దక్కుతుంది. ఆమె ఎవరితో తిరిగేది? ఎవరి మీదైనా అనుమానం ఉందా? కాస్త గుర్తు చేసుకోండి."

ఏడుస్తున్నాడేమోనని శ్యాంసుందర్ ఓపికపట్టాడు.

"పగలడమేంటండీ? ఉండదండీ... అలా ఉండదు."

"స్కాన్‌లో కనిపించిందండి. ధైర్యం కూడగట్టుకోండి."

"నేను చుట్టినవి పగలవండీ."