కృష్ణమ్మ పుట్టిన చోట

పెడన కలంకారీ చీరలో ఆడమనిషి ఎవరు కనిపించినా రాధాకృష్ణమూర్తి మాస్టారి గుండె ఝల్లుమంటోంది. ఎక్కడో కృష్ణమ్మ పుట్టిన కొండ మీద, అక్కడివాళ్ళు కృష్ణాబాయి అని పిలుచుకునే ఆ తల్లి ఉత్సవంలో, ఇంత జనంలో కూతురి కోసం వెతకడం పిచ్చితనమే. తెలుసు. కళ్ళు వింటాయా!

దుర్గ కనిపించకుండా పోయి పదకొండు నెలలు. పామర్రులో కాపురం. పెడన కలంకారీ చీర కట్టుకుని పుట్టింటికని బయల్దేరితే అల్లుడు రఘునందనే బస్సెక్కించాడు. బస్సు బందరు చేరింది. పిల్ల చేరలేదు.

అప్పట్నుంచీ మాస్టారి భార్య జానకమ్మ ఇంటి గేటుకి గడియ వెయ్యనివ్వదు. మాస్టారికి పట్టపగలే “నాన్నా” అని పిలుపు వినిపిస్తుంది. పరుగున వెళ్ళి చూస్తే వీధిలో ఎవరూ ఉండరు.

అల్లుడంటే అతనేనండీ! పోలీస్ స్టేషన్ల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరిగిందీ అతనే. “పుట్టిన చోట మొక్కుకుంటే కృష్ణమ్మ మన మనిషిని మనకి పంపిస్తుంది మావయ్యగారూ” అంటూ ఈ యాత్ర బస్సులో సీట్లు రాయించిందీ అతనే.

గోముఖం లోంచి సన్నగా నీళ్ళు పడుతున్నాయి. వెంట వచ్చిన పురోహితుడు శోభనాద్రి అందర్నీ వరసలో నిలబెట్టాడు. మొదట చనిపోయినవాళ్ళకి నువ్వులూ నీళ్ళూ, తర్వాత బతికున్నవాళ్ళ క్షేమం కోసం ఉత్త నీళ్ళూ వదలాలి.

మాస్టారు తల్లిదండ్రులకి వదిలారు. “దుర్గ” అంటూ మళ్ళీ అలాగే చెయ్యి వంచబోయారు.

“ఆగండాగండి మాస్టారూ! బొటనవేలి పక్కనుంచి వదిలేది పోయినవాళ్ళకండీ. అమ్మాయికి వేళ్ళ కొసల మీంచి వదలాలి” అన్నాడు శోభనాద్రి.

మాస్టారు చెయ్యి అక్కడే ఆపేశారు. చేతులారా ఎంత పని చేసేవాణ్ణి!

అల్లుడు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకుని, చెయ్యి తిప్పి, వేళ్ళ కొసల మీంచి నీళ్ళు వదిలించాడు.

“వచ్చేస్తుంది మావయ్యగారూ. మీరు ధైర్యంగా ఉండండి.”

ఆ మాటకి ఆయనకి ఏడుపు ఆగలేదు. సొంత కొడుకున్నా ఇంతకంటే ఏం చేస్తాడు?

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని పక్కకి చూశారు. రఘునందన్ పోయిన తండ్రికి బొటనవేలి పక్కనుంచి వదిలాడు. ఇంటి దగ్గరున్న తల్లికి వేళ్ళ కొసల మీంచి వదిలాడు. ఎంత శ్రద్ధో!

అందరూ గోముఖానికి దణ్ణం పెట్టుకుంటుంటే, అతను అటూ ఇటూ చూసి, మళ్ళీ అరచేతిలో చిటికెడు నువ్వులు వేసుకుని, “దుర్గ” అని పెదవి కదిపి, బొటనవేలి పక్కనుంచి నీళ్ళు వదిలాడు.